వెనక్కి తిరిగి కూర్చున్నవాడు

నేను పిరికివాణ్ణి. ఈ మాట నా భార్య నలుగురిలో అంటే ఉక్రోషం వస్తుంది గానీ, నా అంతట నేను చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. మాది అయ్యవార్ల ఇల్లు. మా నాయన పగలు బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం శివాలయంలో దీపం పెట్టి, ఎవరి జోలికీ పోకుండా బతికినవాడు. వీధిలో ఎవరైనా గొంతు పెంచితే మా ఇంట్లో ముందు రేడియో ఆపేవాళ్లు, ఆ తర్వాత కిటికీ మూసేవాళ్లు. ఆ పెంపకంలో పెరిగి ప్రొద్దుటూరులో ఫోటో స్టూడియో పెట్టుకున్నాను. పెళ్లిళ్లు, పేరంటాలు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ఈ వృత్తిలో నాకు ఎదురయ్యే పెద్ద గండం, పెళ్లికొడుకు మేనమామ ఆల్బంలో సరిగ్గా పడలేదని అలిగి కూర్చోవడం.

అట్లాంటి నన్ను బెంగళూరు నుంచి పాత కార్ల క్లబ్బువాళ్లు పిలిచారు. చలికాలంలో ఒక ఆదివారం పది పన్నెండు పాత బండ్లు వేసుకుని ప్రొద్దుటూరులో బయలుదేరి, జమ్మలమడుగు మీదుగా పులివెందుల దాకా పోయి, అక్కడ ఒక చీనీతోటలో, బత్తాయి చెట్ల కింద, భోజనాలు చేసి తిరిగి రావాలని వాళ్ల ఏర్పాటు. దారి పొడుగునా ఫోటోలు తీయడానికి ఈ ప్రాంతం తెలిసిన మనిషి కావాలన్నారు. అంతవరకు నేను తీసిన కార్ల ఫోటోలన్నీ పెళ్లికి పూలు కట్టినవే. అయినా ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే సంబరపడ్డాను. కారైతే మేనమామలా అలగదు కదా అనుకున్నాను.

నన్ను తన బండిలో ఎక్కించుకున్నది బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన ఒక పెద్దమనిషి. కన్నడం కలిసిన మెత్తటి తెలుగు ఆయనది. ఆయన జీపు ముదురాకుపచ్చ రంగుది. అనంతపురం దగ్గర పాత ఇనుప సామాన్ల అంగట్లో తుప్పు పట్టి పడి ఉంటే కొని, ఏళ్ల తరబడి బాగు చేయించుకున్నాడట. పై రంగు గీకించేకొద్దీ కింద ఇంకో రంగు, దాని కింద మరొకటి వచ్చాయట. అన్నిటికన్నా అడుగున ఈ ఆకుపచ్చ, బానెట్ మీద ఎవరో ఊరి పెయింటరు తెల్లరంగుతో వేసిన గుర్రం బొమ్మ బయటపడ్డాయట. ముందుకాళ్లు ఎత్తి, మెడ మరీ పొడుగ్గా, గుర్రానికీ ఒంటెకూ మధ్య ఎక్కడో ఆగిపోయిన బొమ్మ అది. దాన్ని గీత పొల్లు పోకుండా మళ్లీ వేయించాడు. పాత నంబరు ప్లేటు కూడా అట్లాగే ఉంచాడు. బండి మొదట్లో ఎట్లా ఉండేదో అట్లాగే నిలబెట్టడం తమ క్లబ్బు నియమమని ఆయన ముచ్చటగా చెబుతుంటే, నేను ఆ గుర్రాన్ని అన్ని వైపుల నుంచీ ఫోటో తీశాను.

నా పని పద్ధతి ఇదీ. జీపు అన్నిటికన్నా ముందు పోతుంది. వెనక తలుపు కిందికి దించేసి, నేను వెనక్కి తిరిగి, కాళ్లు బయటికి వేలాడేసుకుని కూర్చుంటాను. పడిపోకుండా నడుముకు పంచె చుట్టి సీటు కమ్మీకి కట్టారు. ఎండకు నెత్తిన ఒక తువ్వాలు, దుమ్ము పట్టకుండా పొడుగు లెన్సుకు ఇంకో తువ్వాలు. కార్లన్నీ నా ఎదురుగా వరసగా వస్తుంటాయి. ఎడం ఎక్కువైతే ఫోటోలో వరస తెగిపోతుందని, దగ్గర దగ్గరగా రమ్మనీ, పగలైనా లైట్లు వేసుకోమనీ అందరికీ ముందే చెప్పి పెట్టారు. ఇట్లా కూర్చున్నవాడికి ముందు ఏం వస్తుందో తెలియదు. దాటిపోయినదే కనిపిస్తుంది. పొద్దున ఆ సంగతి నాకు సరదాగానే ఉంది.

జమ్మలమడుగు దాకా అంతా పెళ్లి ఊరేగింపే. పెన్న బ్రిడ్జి మీద బస్సులవాళ్లు వేగం తగ్గించి మరీ చూశారు. టీ అంగడి దగ్గర ఆపితే జనం చుట్టూ చేరి, ఎవరి తాతకు ఏ కారుండేదో చెప్పుకుంటూ బానెట్లు తడిమి చూశారు. ఒక నల్లకారు హారన్ రబ్బరు బుడ్డిని నొక్కి నొక్కి ఒక పెద్దాయన చిన్నపిల్లవాడైపోయాడు. ముద్దనూరు దాటాక రెండు పక్కలా నల్లరేగడి, జానెడు ఎత్తు శనగ చేలు, దూరంగా గుట్టల మీద తిరిగే గాలిమరలు. మెరుస్తున్న ముఖాలతో ఆ కార్లు చేల మధ్య వంపు తిరిగి వస్తుంటే, ఇన్నాళ్లూ ఈ పని చేయకుండా మేనమామల చుట్టూ ఎందుకు తిరిగానా అనిపించింది.

కొంత దూరం పోయాక రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి ఉన్నాయి. కల్వర్టు పని జరుగుతోందని, పక్కదారిన పొమ్మని బాణం గుర్తు వేసిన రేకు నిలబెట్టారు. ఆ దారి చేలలోంచి ఒక ఊళ్లోకి పోతుంది. ఊరి పేరు చెప్పను. మేనేజరు సారు తలతిప్పి, పోదామా అని అడిగాడు. ఊళ్లో పాత బండరాతి మిద్దెలు ఉంటాయి, కార్ల వెనక బాగుంటాయి, నిదానంగా పోనీయండి అన్నాను.

అన్నట్టుగానే వీధి అందంగా ఉంది. రెండు వైపులా నాపరాతి గోడలు, అరుగులు, వాటి మీద ఎండ. కార్లు ఒకదాని వెనక ఒకటి లైట్లు వేసుకుని ఆ వీధిలోకి దిగుతున్నాయి. నేను నొక్కుతూ పోతున్నాను. లెన్సులో చివరి కారు వెనక, ఒక అరుగు మీద కూర్చుని చేటలో కందులు చెరుగుతున్న ఆడమనిషి కనిపించింది. ఆమె చేటను అట్లాగే వదిలేసి లేచి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. ఎండ ఎక్కువైందేమో అనుకున్నాను. తర్వాత దాని పక్క ఇంటి తలుపు మూసుకుంది. తర్వాత ఎదురిల్లు. చిల్లరంగడి ఆయన బయట వేలాడే అరటిపండ్ల గెలను కూడా తీయకుండా షట్టర్ సగానికి లాగాడు.

మాలో ఇంకెవరూ అది చూడలేదు. కార్లు నడిపేవాళ్లంతా ముందుకు, అంటే నా కెమెరా వైపు చూసి నవ్వుతున్నారు. కొందరు చెయ్యి ఊపుతున్నారు. వాళ్ల వీపుల వెనక తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుంటూ వస్తున్నాయి. వచ్చినవాళ్లలో అది కనబడుతున్నది నా ఒక్కడికే.

అప్పుడు నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. పెళ్లిళ్లకు పోయినప్పుడు చూశాను. పాత గొడవలున్న కొన్ని ఊళ్లలో పెళ్లివాళ్ల బండ్లైనా సరే, వరసగా ఊళ్లోకి దిగవు. పొలిమేరలో ఆగిపోతాయి. ముందు ఒక మనిషి పోయి, ఫలానా వాళ్లం, ఫలానా పనికి వస్తున్నాం అని చెప్పి వస్తాడు. ఆ తర్వాతే మిగతావాళ్లు కదులుతారు. క్లబ్బువాళ్లు పోలీసులకు చెప్పారు, భోజనాలవాళ్లకు చెప్పారు, పేపరువాళ్లకు కూడా చెప్పారు. ఈ ఊరికి చెప్పే వీలెక్కడిది? ఇది మా దారిలోనే లేదు.

సార్, ఆపకండి, తొందరగా పోనీయండి అన్నాను. అప్పటికే వీధి మొదట్లో రెండు మోటారు సైకిళ్లు అడ్డంగా నిలబడ్డాయి. అదే క్షణాన మా జీపు ఆగింది. ముందు ఏముందో చూడాలంటే తల తిప్పాలి. తిప్పడానికి ధైర్యం చాల్లేదు. ట్రాక్టరు అడ్డం పెట్టినారు, ఎందుకు అని మేనేజరు సారు తనలో తను అనుకోవడం వినిపించింది.

వెనక కార్లలో ఒకటి హారన్ కొట్టి, ఏదో అర్థమైనట్టు చప్పున ఆపేసింది.

గోడ పక్క నుంచి నలుగురైదుగురు మగవాళ్లు వచ్చారు. అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. వాళ్లలో పెద్దవాడు డెబ్బై ఏళ్ల మనిషి. తెల్లపంచె, భుజాన కండువా. ఆయన బానెట్ మీది గుర్రాన్ని చూశాడు, నంబరు ప్లేటు చూశాడు, నడుచుకుంటూ వెనక్కి వచ్చి నా ముందు నిలబడ్డాడు. నన్నూ, నా నెత్తిమీది తువ్వాలునూ, ఒళ్లో తువ్వాలు చుట్టిన పొడుగాటి వస్తువునూ మార్చి మార్చి చూశాడు.

"చేతిలోది ఆడ పెట్టి కిందికి దిగప్పా," అన్నాడు.

దిగుదామంటే నడుముకు కట్టిన పంచె ముడి రాదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ముడి విప్పుకోవడం ఎంత నగుబాటో నాకు అప్పుడు తెలిసింది. చివరికి వాళ్లలో ఒకతనే వచ్చి ముడి విప్పాడు. ఇంకొకతను తువ్వాలు తీసి చూశాడు. కెమెరానే అన్నాడు. ఆ మాటతో అందరూ ఊపిరి వదిలారు గానీ, పెద్దాయన ముఖం మారలేదు.

మేనేజరు సారు దిగి వచ్చి, క్లబ్బు గురించీ, రంగు గీకించిన సంగతీ, గుర్రం బొమ్మ బయటపడిన సంగతీ చెప్పుకొచ్చాడు. అంతా వివరంగా, గర్వంగా కూడా. పెద్దాయన ఓపికగా విని, ఆ జీపు ఎవరిదో తాను చెప్పాడు. అది ఈ ఊరి మీదివీధి మనిషిది. ఈయనవాళ్లకూ ఆయనకూ పాత పగ. ఒకనాడు ఆయన వంక దాటి వస్తుంటే ఈ జీపులోనే చంపారు. చంపినవాళ్లు ఈయన అన్నదమ్ములు. వాళ్లు జైలుకు పోయారు, కొందరు అక్కడే పోయారు. జీపు చేతులు మారి ఎటో వెళ్లిపోయింది. చనిపోయిన మనిషికి ఒక కూతురు, ఒక కొడుకు. కొడుకు అప్పటికి అయిదారేళ్ల పసివాడు. పెద్దయితే పగ తీర్చుకుంటాడని ఇటువాళ్లు బతకనివ్వరేమోనని, వాళ్లక్క పేరు మార్చి ఎక్కడికో పంపించేసింది. ఎక్కడికో ఈ రోజుకూ ఊళ్లో ఎవరికీ తెలియదు.

"ఆ పిల్లోడు ఉంటే నీ ఈడే," అన్నాడు నాతో. "నాయన జీపు, నాయన గుర్రం, ఎనకాల ఇన్ని బండ్లు. ఎనక్కి తిరిగి కూర్చున్న మనిషి. అప్పట్లో ఈ జీపులో అట్ల కూర్చునేవాని చేతిలో ఏముండేదో మాకు తెలుసులే."

అప్పుడు అర్థమైంది నాకు. వాళ్లు నన్ను చూస్తున్నది ఫోటోగ్రాఫరుగా కాదు. ఇన్నేళ్లుగా ఎప్పుడు వస్తాడో అని భయపడుతున్న మనిషిగా. పై ప్రాణాలు పైనే పోయాయి. జేబులోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చాను. ప్రొద్దుటూరులో మా వీధి చెప్పాను, మా నాయన పని చేసిన బడి చెప్పాను. అడక్కుండానే మా గోత్రం కూడా చెప్పాను. ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి తిరిగిచ్చాడు.

"కార్డుదేముందిలేప్పా. పేరు మార్చే గదా పంపించింది."

నేను నేనే అని రుజువు చేయడానికి మనిషి దగ్గర ఏముంటుంది? స్టూడియోకు ఫోన్ చేయమందామంటే, నా భార్య ఆ ఫోన్ ఎత్తి ఏమంటుందో అని ఇంకో భయం. ఆయన చెయ్యి జీపు మడ్‌గార్డు మీద ఉంది. ఆ చెయ్యి వణుకుతోంది. అది ముసలితనం వణుకు కాదని చూస్తూనే తెలిసిపోయింది. భయపడే మనిషి ఎదుట భయపడుతూ నిలబడటం మరీ ప్రమాదమని కూడా తెలిసింది. ఎవరు ముందు తొందరపడతారో చెప్పలేం.

ఆ పిల్లవాడి అక్కను పిలవమని ఆయన ఒకతన్ని పంపాడు. ఆమె ఇదే ఊళ్లో కాపురం ఉంటోంది. ఆయమ్మ ఏం చెబితే అది నమ్ముతానన్నాడు. ఊరంతా ఆమె మాట నమ్ముతుందట, అబద్ధం ఆడే మనిషి కాదట.

ఆ కాసేపూ నేను పడిన భయం నా జన్మలో పడలేదు. అంతకుముందు ఆ మనుషుల్ని చూసి భయం. ఇప్పుడు ఆ అక్కను తలచుకుని భయం. ఆమె తమ్ముణ్ణి చివరిసారి చూసింది పసివాడిగా. ఇప్పుడు వాడి ముఖం ఎట్లా ఉంటుందో ఆమెకు మాత్రం ఏం తెలుసు? ఇన్నేళ్లు ఎదురుచూసిన మనిషికి ఆ జీపులో వచ్చిన ఎవరైనా తమ్ముడిలాగే కనిపించొచ్చు. ఆశ కొద్దీ నా ముఖంలో వాళ్ల నాయన ముక్కు కనబడిందంటే? నా మెడ పట్టుకుని ఒక్కసారి ఏడ్చిందంటే చాలు, నా పని అయిపోయినట్టే. నా ముఖం ఎవరికీ గుర్తు రాకుండా ఎట్లా పెట్టుకోవాలా అని చూశాను. అటువంటి ఉపాయం ఏదీ తోచలేదు.

ఆమె సందులోంచి వచ్చింది. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా జొన్నపిండి. రొట్టెల దగ్గర నుంచి లేచి వచ్చినట్టుంది. సందు మలుపు దగ్గర జీపును చూసి ఒక్క క్షణం ఆగింది. అక్కడ నుంచి నేను ఆమెకు కనిపించను కూడా, మధ్యలో ట్రాక్టరు ఉంది. అక్కడి నుంచే గట్టిగా అంది.

"కాదు. మా వాడు కాదు."

దగ్గరికి వచ్చి చూసి చెప్పమ్మా అన్నాడు పెద్దాయన. చూసేదేముంది, వాడు ఈ ఊరి గడప తొక్కే మనిషి కాదు, దారిన పోయేవాళ్లను పట్టుకుని ఎందుకిట్లా నిలబెట్టారు అని ఆమె ఎదురు కోప్పడింది. ఆ కోపంలో తడబాటు లేదు. పెద్దాయన తల పంకించాడు. అంతే. ట్రాక్టరు వెనక్కి తీయమన్నాడు. వీధి మొదట్లో మోటారు సైకిళ్లు తప్పుకున్నాయి. నా భుజం మీద చెయ్యి వేసి, ఏమనుకోవద్దనీ, ఇట్లా బండ్లు వరసగా వచ్చేటప్పుడు ముందు ఒక మనిషిని పంపాలనీ చెప్పాడు.

పక్కనే ఉన్న అరుగు మీద కూలబడ్డాను. మేనేజరు సారు మిగతా కార్లవాళ్లకు ఏదో చెప్పడానికి వెనక్కి పోయాడు. మగవాళ్లు ట్రాక్టరు దగ్గర ఉన్నారు. ఆమె ఆ ఇంటి తలుపు తట్టి లోపలికి పోయి చేతులు కడుక్కుని, చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగు నాయనా అంది. చెంబు పెదవికి తాకకుండా, మా వైపు అందరం తాగినట్టే, తల వెనక్కి వంచి నీళ్లు పైనుంచి పోసుకున్నాను. సగం గొంతులోకి, సగం చొక్కా మీదికి పోయాయి. చాలు అనబోతే, ఇంకొంచెం తాగు అంది. మళ్లీ తల వెనక్కి వంచాను. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమె నా పక్కనే, మరీ దగ్గరగా వంగి నిలబడి ఉంది.

చెంబు అందుకుంటూ, ఎవరికీ వినబడనంత చిన్నగా అంది.

"మా తమ్మునికి గదవ కింద కుట్లుండాయి. ఈ జీపు ఎనక నుంచి పడి పగిలింది. నీకు ల్యావు."

నాకు మొదట అర్థం కాలేదు. ఇంకొంచెం తాగమన్నది నా గడ్డం కింద చూడటానికని తర్వాత తెలిసింది. ఆమె ఇప్పుడు చూస్తోంది. ఇంతసేపటికి, మొదటిసారి చూస్తోంది.

"అక్కా, కాదని ముందే చెప్పినావు కదా," అన్నాను.

"ముందే చెప్పల్ల," అంది. "సూసినాంక కాదనాలంటే నోరొస్తాదా నాయనా."

అని చెంబు పట్టుకుని లోపలికి పోయింది. తలుపు దగ్గర ఆగి జీపు వెనక తలుపు అంచు వైపు, నేను కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న చోటు వైపు, చూసింది. గుర్రాన్ని చూడలేదు. ఆ ముఖంలో ఉన్నది బరువు దిగిన సుఖమో, వాడు కాదని తెలిసిన దుఃఖమో నాకు తెలియలేదు. రెండూ అయి ఉండొచ్చు. ముఖాలు చూసి బతికే వృత్తి నాది. ఆ ముఖాన్ని చదవలేకపోయాను.

అక్కడి నుంచి పులివెందుల దాకా నేను వెనక్కి తిరిగి కూర్చోలేదు. మేనేజరు సారు పక్కన ముందు సీట్లో కూర్చున్నాను. ఆయన మధ్యలో ఒకసారి, గుర్రం చెరిపేయమంటారా అని అడిగాడు. నేను లెన్సుకు తువ్వాలు ఇంకోసారి చుట్టాను. చీనీతోటలో విస్తరి ముందు నుంచి అందరికన్నా ముందే లేచిపోయాను. మిగతావాళ్లకు సాయంత్రానికల్లా అది గొప్ప కథ అయిపోయింది. సినిమాలాగా ఉండిందని ఒకాయన అన్నాడు. వీధిలో తలుపులు మూసుకోవడం ఆయన కారులో ఎవరూ చూడలేదు మరి.

నేను తీసిన వాటిలో జీపు ఉన్నవన్నీ తీసేశాను. ఎవరూ జీపు ఫోటోలు ఎక్కడా పెట్టవద్దని క్లబ్బువాళ్లను బతిమాలాను. మేనేజరు సారు అర్థం చేసుకుని జీపును షెడ్డులో పెట్టేశాడు. కానీ ప్రతి కారులోనూ ఫోన్లున్నాయి. ఆ ఆదివారం సాయంత్రానికే పచ్చ జీపు, తెల్ల గుర్రం, పాత నంబరు ఎన్ని ఫోన్లలోకి పోయాయో చెప్పేవాళ్లు లేరు. ఎక్కడో, ఏదో పేరుతో బతుకుతున్న ఒక మనిషి దాన్ని చూసి ఉండొచ్చు. చిన్నప్పుడు తాను పడిన బండిని ఎవరు మర్చిపోతారు?

నా పని నేను చేసుకుంటున్నాను. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, గదవ కొంచెం పైకి అనడం నాకు ఎప్పటినుంచో అలవాటు. ఆ ఊరి నుంచి వచ్చిన తర్వాత, ఆ మాట నోట్లో ఉండగానే నా కళ్లు అక్కడికి పోవడం మొదలైంది. నా ఈడు మగవాడు, కొత్త ముఖం, ఈ ప్రాంతపు యాస సగం మర్చిపోయిన మాట అయితే కెమెరా నొక్కకుండా ఆగిపోతాను. కుట్లు కనిపిస్తే? అక్కడ మీ అక్క నిన్ను కాదని బతికిస్తోంది, వెనక్కి పో అని చెప్పాలా? లేక ఆమె నీ కోసం ఎంత దగ్గరగా వంగి చూసిందో చెప్పాలా? ఒకటి చెబితే రెండోది దాచాలి. అంత ధైర్యం నాకు లేదు.

అందుకని అట్లాంటివాళ్లను గదవ ఎత్తమనడం మానేశాను. ఫోటోలో మనిషి నేలను చూస్తున్నట్టుందని ఇద్దరు ముగ్గురు గొణిగారు కూడా. ఆ గుర్రం బొమ్మ జీపు ఏ ఊళ్లో కనబడిందని ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలో మాత్రం తేల్చుకుని ఉన్నాను. నాకు తెలియదంటాను. తలెత్తి అతని ముఖం చూడకముందే అంటాను.